నలభై ఒకటో పేజీ, ఏడో పంక్తి

ముప్పై నాలుగు సంవత్సరాల క్రితం, జూలై నెల రెండవ తేదీ సోమవారం ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు, మన పాఠ్యపుస్తక ముద్రణాలయపు మొదటి అంతస్తులోని దిద్దుబాటు గదిలో ఒక నూతన ఉద్యోగిని ప్రవేశించి, పట్టీలో సంతకం చేయబోయి, కలం ఆపి, "ఇక్కడ 'హజరు పట్టీ' అని పడిందండీ, దీర్ఘం ఎగిరిపోయింది" అన్నారు. అప్పటికి తొమ్మిదేళ్లుగా ఆ పట్టీ అలాగే అచ్చవుతూ వచ్చింది, పుస్తకాలు దిద్దే ఘనాపాఠీలందరూ అందులోనే నిత్యం సంతకాలు పెడుతూ వచ్చారు. ఆ దృశ్యాన్ని నేను చూడలేదు. నేను చేరింది మరో రెండేళ్ల తర్వాత. కాగితాల కట్ట కోసం ఆ సమయానికి పైకి వచ్చిన బైండింగ్ పనివాడు, అంటే నేటి మన బైండింగ్ మేస్త్రి, చూసి అందరికీ చెప్పాడు. ఆ రోజు సాయంత్రానికల్లా మరో నాలుగు వత్తులు కూడా పట్టుకోవడంతో ఆవిడకు 'వత్తులమ్మ' అన్న పేరు స్థిరపడింది.

నేడు పదవీ విరమణ చేస్తున్న ఆ విదుషీమణిని గురించి నాలుగు మాటలు రాయవలసిందిగా ఈ సంచిక సంపాదకవర్గం నన్ను కోరింది. కోరుతూనే, "సార్, వివాదాల జోలికి పోకండి. వాళ్లింట్లోవాళ్లు కూడా చదువుతారు" అని ఒక షరతు పెట్టింది. "వాళ్లింట్లోవాళ్లకు తెలియనిదేముంది నాయనా? తెలియనట్టు నటిస్తున్నది మనమే కదా!" అన్నాను. సన్మానం పేరిట గోడగడియారం చేతికిచ్చి, నాలుగు విశేషణాలు చల్లి, జరిగినదాన్ని నున్నగా పూడ్చిపెట్టే ఆచారం మన కార్యాలయంలో చిరకాలంగా వర్ధిల్లుతోంది. ఈ ఒక్కసారికి నేను ఆ పని చేయలేను. కోపం లేకుండా ఈ వ్యాసం రాయడం నా వల్ల కాదు.

మా పని తెలియని కుటుంబసభ్యుల కోసం ఒక్క మాట. దిద్దుబాటు గదిలో పని ఇద్దరిది. రచయిత ఇచ్చిన రాతప్రతిని ఒకరు బిగ్గరగా చదవాలి, అచ్చుప్రతిని మరొకరు కంటితో వెంబడిస్తూ దిద్దాలి. కామా వస్తే 'కామా' అనాలి, ప్రశ్నార్థకం వస్తే 'ప్రశ్న' అనాలి. చదివే కుర్చీ నాది, దిద్దే కుర్చీ మేమంతా 'అక్కయ్యగారు' అని పిలిచే ఆ విదుషీమణిది. కిటికీ పక్కన ఇనుప బల్ల, దానికి అటూ ఇటూ రెండు కుర్చీలు, కింది అంతస్తులో యంత్రం తిరిగినంతసేపూ సన్నగా వణికే నేల, మధ్యలో ఎరుపు పెన్సిళ్ల డబ్బా. ఇరవై ఆరేళ్లు మేమిద్దరం అలా ఎదురెదురుగా కూర్చున్నాం. మా ఆవిడ ముఖంకన్నా అక్కయ్యగారి ముఖమే నేను ఎక్కువ చూశానంటే మా ఇంట్లో కాదనేవారు లేరు.

వారి భాషానిష్ఠకు ఉదాహరణలు కొల్లలు. కింద యంత్రశాల గోడమీద 'నిశ్శబ్ధం పాటించండి' అని ఒక బోర్డు ఉండేది. చెవులు చిల్లులు పడే ఆ మోతలో ఆ బోర్డు ఎందుకో పెట్టినవారికే తెలియాలి. వారు ఒక మధ్యాహ్నం ముక్కాలిపీట ఎక్కి, సుద్దముక్కతో ఆ 'ధ'లోని వత్తును చెరిపి, కిందికి దిగి, "ఇప్పుడు బాగుంది" అన్నారు. "ఏం బాగుందమ్మా, మోత మోతలానే ఉందిగా!" అని యంత్రం నడిపే అతను నవ్వాడు. "మోత నీ పని, వత్తు నా పని. ఎవరి పని వాళ్లు చేస్తే సరి" అన్నారు. ఇంట్లోనూ ఇదే తంతు అని వారి శ్రీవారు వాపోతూ ఉంటారు. సరుకుల చీటీ రాసి బల్లమీద పెడితే సరుకులకు బదులు దిద్దిన చీటీ తిరిగి వస్తుందట.

అయితే వారి నిజమైన ప్రతిభ వత్తుల్లో లేదు, వినడంలో ఉంది. నేను చదివేది కథ, వారు వినేది కథలో లేని మనిషి గొంతు. ఏటా ఆరు తరగతుల వాచకాలు, కథామంజరులు, ఉపవాచకాలు మా బల్లమీదుగా పోతాయి. సాహిత్యం కరుణను పెంపొందిస్తుందని, సహృదయతను వికసింపజేస్తుందని ప్రతి పుస్తకపు ముందుమాటలోనూ అచ్చు వేస్తాం. ముందుమాట దాటి పుట తిప్పితే ఆ కరుణ ఎవరికి దక్కుతోందో చూడండి! ఉత్తరదేశపు వర్తకుడైతే పిసినారి, ద్వీపంవాడైతే సోమరి, కొండలకవతలి దేశం వాడైతే మందబుద్ధి, సరిహద్దుకు అవతలి పొరుగుదేశం వాడైతే దొంగ. మనవాడు కథలో దొంగతనం చేస్తే రెండు పుటల నిండా వాడి పేదరికం, మంచంపట్టిన తల్లి, పాలకు ఏడ్చే బిడ్డ. చదివేవాడి కళ్లు తడిసేదాకా రచయిత వదలడు. పొరుగువాడు అదే పని చేస్తే ఒక్క పంక్తి చాలు. వాడి దేశం పేరే కారణం, వాడి దేశం పేరే సాక్ష్యం, వాడి దేశం పేరే శిక్ష. దీన్ని మనం పిల్లలచేత కంఠస్థం చేయిస్తాం, పరీక్షలో 'దొంగ ఏ దేశస్థుడు?' అని అడిగి మార్కులు కూడా వేస్తాం. సిగ్గుచేటు!

వారి దగ్గర నీలం అట్టల చిన్న నోటుపుస్తకం ఒకటి ఉండేది. అందులో, మేం దిద్దిన కథల్లోకి వచ్చిన పొరుగుదేశస్థులందరినీ రాసుకున్నారు. ఒకరోజు టీ తాగుతూ నాకు చూపించారు. అరవై మూడు మంది. దొంగలు ముప్పై ఒకరు, మోసగాళ్లు పద్దెనిమిది మంది, గూఢచారులు తొమ్మండుగురు, ఊరికే నవ్వించడానికి వచ్చినవాళ్లు ఐదుగురు. చివర ఇంకో గడి ఉంది. అక్కడ 'తల్లి ఉన్నవారు' అని రాసి, ఎదురుగా సున్న చుట్టారు.

"ఏమయ్యా, అరవై మూడు మందిలో ఒక్కడికీ అమ్మ లేదు. ఆకాశంలోంచి ఊడిపడ్డారా వీళ్లంతా?" అన్నారు.

నేను నవ్వేశాను. నవ్వడం ఒక్కటే అయితే ఈ రోజు ఇంత బాధ ఉండేది కాదు. ప్రూఫు చదివేటప్పుడు, పొరుగుదేశపు పాత్ర మాట్లాడగానే గొంతు మార్చి, మాటల చివరలు మింగి, ముక్కుతో పలికి వినోదం పంచడం నా అలవాటు. గదిలో అందరూ పగలబడి నవ్వేవారు, పక్కగదిలోంచి కూడా వచ్చి వినేవారు. అచ్చుకాగితాల కోసం వచ్చిన బైండింగ్ మేస్త్రి కూడా గుమ్మంలో నిలబడి నవ్వేవాడు. అందరికన్నా గట్టిగా అతనే నవ్వేవాడు. అక్కయ్యగారు మాత్రం పెన్సిల్ కింద పెట్టి, "అయిందా? ఇక మామూలుగా చదువు" అనేవారు. వారికి హాస్యం తెలియదని మేం అనుకున్నాం.

ఇక పన్నెండేళ్ల క్రితం నాటి విషయం. ఆ ఏడు ఐదో తరగతి వాచకంలో కొత్త పాఠం ఒకటి చేరింది. చలికాలంలో ఒక బాటసారి ఒక గృహస్థు ఇంట తలదాచుకుంటాడు, తెల్లవారేసరికి దుప్పటి తీసుకుని వెళ్లిపోతాడు. కథ అంతే. నలభై ఒకటో పేజీ, ఏడో పంక్తిలో ఇల్లాలు నిట్టూరుస్తుంది: "పొరుగుదేశం వాడు కదా, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది?" అక్కయ్యగారు ఆ పంక్తి కింద గీత గీసి పంపితే, పాఠ్యసంఘం వారు 'భాషాదోషం కాదు' అని కొట్టేసి వెనక్కి పంపారు. మొదటి విడత పుస్తకాలు బడులకు వెళ్లిపోయాయి. రెండో విడత నలభై వేల ప్రతులు బైండింగ్‌లో ఉన్నాయి.

అప్పుడొకనాటి ఉదయం మేస్త్రి పైకి వచ్చాడు. కాగితాల కోసం కాదు. కుట్టిన పుస్తకం ఒకటి చేతిలో పట్టుకుని, మా బల్ల దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, ఇందులో ఒక్క మాట మార్చడానికి వీలవుతుందా?" అన్నాడు.

"ఏ మాట?" అన్నారు వారు, అప్పటికే నలభై ఒకటో పేజీ తీస్తూ.

"నేను అక్కడివాణ్ణేనమ్మా. పదేళ్లప్పుడు మా నాన్న ఇక్కడికి తెచ్చాడు. ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ పడలేదు. పిల్ల బళ్లో నోరు జారింది. ఇప్పుడది ఎక్కడ కూర్చున్నా 'దుప్పట్లు దాచుకోండర్రా' అంటున్నారంట. వారం నుంచి బడికి పోనని మొండికేస్తోంది. 'నాన్నా, మనం వాళ్లమేనా?' అని అడిగింది. ఈ కాగితం మడిచింది నేనే, కుట్టింది నేనే. దాని సంచిలో పెట్టింది కూడా నేనేనమ్మా. ఏం చెప్పమంటారు దానికి?"

నా చెవుల్లో అతని పాత నవ్వు గింగురుమంది. ఏళ్ల తరబడి గుమ్మంలో నిలబడి, తన గొంతునే నేను వెక్కిరిస్తుంటే వింటూ, ఎవరికీ అనుమానం రాకూడదని అందరికన్నా గట్టిగా నవ్విన మనిషి ఎదుట, నేను రాతప్రతిలో తల దూర్చేసి కూర్చున్నాను. అక్కయ్యగారు ఒక్క మాటే అన్నారు. "రేపటికల్లా చీటీ వస్తుంది. నువ్వే అంటించు."

చీటీ అంటే తప్పొప్పుల పట్టిక. పుస్తకం అచ్చయ్యాక తప్పు కనబడితే చిన్న కాగితంమీద తప్పు, ఒప్పు వేసి మొదటి పుటలో అంటిస్తాం. అదే పుస్తకంలో పన్నెండో పేజీలో 'పద్ధతి'కి బదులు 'పద్దతి' అని పడింది కనుక ఎటూ ఒక చీటీ వేయవలసి ఉంది. దాన్ని తయారుచేసే అధికారం నిబంధనల ప్రకారం వారిదే, పైవారి సంతకం అక్కరలేదు. ఆ చీటీలో వారు రెండో వరుస చేర్చారు. 41వ పేజీ, 7వ పంక్తి. తప్పు: 'పొరుగుదేశం వాడు కదా, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది?' ఒప్పు: 'చలి వేసింది కదా, దుప్పటి లేక ఎక్కడికి పోతాడు?'

"చదువు" అన్నారు నాతో. ఆనవాయితీ ప్రకారం బిగ్గరగా చదివాను. "అక్షరాలు లెక్కపెట్టు" అన్నారు. లెక్కపెట్టాను. తీసింది పందొమ్మిది, పెట్టింది పందొమ్మిది. "రేపు ఎవరైనా పుస్తకంలోనే మార్చాలనుకుంటే పంక్తి కిందికి జారకూడదు కదయ్యా" అన్నారు. మేస్త్రి తన చేతులతో నలభై వేల చీటీలు అంటించాడు. పిల్ల ఆ చీటీ ఉన్న పుస్తకం పట్టుకుని బడికి వెళ్లింది.

తప్పొప్పుల పట్టికను ఎవరూ చదవరన్నది మా వృత్తిలో అందరికీ తెలిసిన రహస్యం. ఒక మాస్టారు చదివారు. చదివి ఊరుకోక, మెచ్చుకుంటూ మన మేనేజరు గారికి ఉత్తరం రాశారు. చీటీ చూశాక తరగతిలో పిల్లలు అరగంట వాదించుకున్నారట. ఆ ఇల్లాలు ముందే రెండో దుప్పటి ఇచ్చి ఉంటే దొంగతనమే జరిగేది కాదు కదా అని ఒక పిల్లవాడు అడిగాడట. 'పాతికేళ్లలో నా తరగతిలో ఒక పాఠం గురించి ఇంత మాట్లాడుకోవడం ఇదే మొదలు' అని రాశారు ఆ పుణ్యాత్ములు. ఆ ప్రశంసే కొంప ముంచింది. వారం తిరక్కుండా అక్కయ్యగారికి సంజాయిషీ నోటీసు వచ్చింది, ఆపైన విచారణ.

విచారణాధికారి, "దొంగతనం చేసినవాణ్ణి దొంగ అంటే తప్పేమిటమ్మా?" అన్నారు.

"తప్పు లేదండీ, అనండి. వాడొక్కణ్ణీ అనండి. ఒకడు దుప్పటి తీస్తే దేశం మొత్తాన్ని దొంగని చేయడం భాషాదోషమే. ఏకవచనం ఉండాల్సిన చోట బహువచనం పడింది. నేను దిద్దింది అదే" అన్నారు వారు, తడుముకోకుండా.

గౌరవానికి బహువచనం వాడే భాష మనది. అవమానించడానికి కూడా బహువచనమే వాడుతున్నామని వారు ఎత్తిచూపితే, ఆ గదిలో కూర్చున్న నలుగురు పండితుల్లో వినగలిగిన చెవి ఒక్కటీ లేకపోయింది. అక్కయ్యగారికి ఇక పదోన్నతి ఉండదని తీర్మానించారు. మరుసటి ఏడు నుంచి చీటీ తీసేశారు, పాత పంక్తి అలాగే అచ్చయింది. ప్రజాధనంతో పసిపిల్లలకు ద్వేషం నేర్పిన పాఠ్యసంఘం వారికి మాత్రం ఒక్క కాగితం కూడా పోలేదు. ఇప్పటికీ తలచుకుంటే నా ఒళ్లు మండుతుంది.

మండే హక్కు నాకు ఉందా అన్నది వేరే ప్రశ్న. విచారణలో నన్నూ పిలిచారు. "ఆ రెండో వరుస మీరు చదివారా?" అని అడిగారు. "లేదండీ, నేను మొదటిదే చదివాను" అన్నాను. బయటికి వచ్చేసరికి అక్కయ్యగారు వరండాలో నిలబడి ఉన్నారు. ముఖం చూడలేక పక్కనుంచి తప్పుకోబోతే, "పిల్లలున్నవాడివి, నాకు తెలుసులే. టీ తాగుదాం పద" అన్నారు. ఆ టీ రుచి నాకు ఈనాటికీ తెలియదు.

ఆ తర్వాత ఏటా జనవరిలో ఆ వాచకం ప్రూఫు మళ్లీ మా బల్లమీదికి వచ్చేది. ఏటా వారు నలభై ఒకటో పేజీ, ఏడో పంక్తిని ఎరుపు పెన్సిల్‌తో కొట్టి, పక్కన అవే పందొమ్మిది అక్షరాలు రాసేవారు. ఏటా దానిమీద 'పరిధికి మించినది' అన్న రబ్బరుముద్ర పడేది. పదకొండు సార్లు రాశారు, పదకొండు సార్లు ముద్ర పడింది. విసుగు లేదు, గొణుగుడు లేదు, దస్తూరిలో వంకర లేదు. ఆరేళ్ల క్రితం విభాగాధిపతి పదవి ఖాళీ అయింది. అనుభవాన్నిబట్టీ, అర్హతనుబట్టీ ఆ కుర్చీ వారిది. తీర్మానం అడ్డువచ్చింది కనుక నాకిచ్చారు, నేను పుచ్చుకున్నాను. పదకొండులో చివరి ఆరు ముద్రలు వేసిన చేయి నాది. ముద్ర వేసిన ప్రతిసారీ వారు కాగితం తీసుకుని, "సరే" అని తమ కుర్చీకి వెళ్లిపోయేవారు. నన్ను తిట్టిపోసినా బాగుండేది.

గత సోమవారం ఈ ఏటి ప్రూఫు వచ్చింది. వారికి అదే ఆఖరి ప్రూఫు. పన్నెండోసారి ఆ పంక్తిని కొట్టి, పక్కన రాసి, తెచ్చి నా బల్లమీద పెట్టారు.

"ఇదే ఆఖరయ్యా. వచ్చే ఏడు దీనిమీద గీత గీసేవాళ్లు ఉండరు. నీకూ ఓ పని తప్పుతుంది" అన్నారు.

"అక్కయ్యా, ఒకసారి కూర్చోండి" అన్నాను. పాత రోజుల్లోలాగా ఎదురెదురుగా కూర్చున్నాం. నేను నలభై ఒకటో పేజీ మొదటినుంచి బిగ్గరగా చదివాను. బాటసారి మాటలు వచ్చినప్పుడు మామూలు గొంతుతోనే చదివాను. ఏడో పంక్తి దగ్గర, వారు రాసిందే చదివాను. "ప్రశ్న" అని, ఆపాను. రబ్బరుముద్ర సొరుగులోనే ఉంచి, కలం తీసి, ప్రూఫు చివర 'ముద్రణకు అనుమతించడమైనది' అని రాసి సంతకం చేశాను.

వారు కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, నా సంతకం వంక చూసి, "'అనుమతించడమైనది'లో ఐత్వం సరిగ్గానే పెట్టావు" అన్నారు.

ఈ సంచిక మీ చేతులకు అందేసరికి యంత్రం ఆ పుటలు దాటిపోయి ఉంటుంది. నాకు సంజాయిషీ నోటీసు వస్తే రానివ్వండి, జవాబు సిద్ధంగా ఉంది. సంపాదకవర్గం వారు ఈ వ్యాసంలోని పేరాలు తీసేద్దామనుకుంటే ఒక మనవి: ఈ సంచికను కుడుతున్నది మేస్త్రి. ఏ పుట తగ్గినా అతనికి తెలుస్తుంది. ఎటూ తప్పులు ఒప్పుకునే చోటు మన వృత్తిలో ఒకటుంది కనుక, నాదీ ఇక్కడే అచ్చు వేయిస్తున్నాను. విచారణ నివేదిక, నా వాంగ్మూలం. తప్పు: 'నేను మొదటిదే చదివాను.' ఒప్పు: 'రెండూ చదివాను, అక్షరాలు కూడా లెక్కపెట్టాను.'

అక్కయ్యగారూ, తమరు సంపూర్ణ ఆరోగ్యంతో, చెక్కుచెదరని కంటిచూపుతో, శ్రీవారి సరుకుల చీటీలు దిద్దుకుంటూ, పిల్లాపాపలతో నిండు నూరేళ్లూ చల్లగా ఉండాలని మా అందరి ఆకాంక్ష. ఏటా జూన్ నెలలో ఐదో తరగతి వాచకం ఒక ప్రతి మేస్త్రి స్వయంగా మీ ఇంటికి తెచ్చి ఇస్తాడు. నలభై ఒకటో పేజీ తీసి చూసుకోండి. మీ పంక్తి అక్కడ లేకపోతే, నేను ఆ కుర్చీలో లేనని అర్థం.